బిగిస్తే ఆగిపోయే గడియారం: ఒక స్కెలిటన్ వాచీ కేసు

పర్లాకిమిడిలో వాచీలు బాగుచేయడం నా వృత్తి. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఒడిశాలో ఉన్నా మా బజారులో సగం మాటలు తెలుగే. పాతపట్నం, టెక్కలి, పలాస నుంచి కూడా మనుషులు వస్తారు. వచ్చేవాటిలో ఎక్కువ భాగం బ్యాటరీ వాచీలు, తర్వాత పాత హెచ్.ఎం.టి.లు. స్కెలిటన్ వాచీలు, అంటే లోపలి యంత్రం బయటికి కనిపించేలా లోహాన్ని కోసేసినవి, ఈ మధ్యనే కనిపిస్తున్నాయి. పెళ్ళికి పెట్టినవి, పై దేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చినవి. వీటి మీద చెయ్యి వేసే తోటి పనివాళ్ళకి ఉపయోగపడుతుందని ఈ కేసు రాస్తున్నాను. ఇందులో నేను మూడు వారాలు తప్పు చోట వెతికాను. నాకంటే ముందు ఇద్దరు కూడా అక్కడే వెతికారు.

వాచీ యజమానిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆయన్ని మాస్టారు అని పిలుస్తాను, దుకాణంలోనూ అలాగే పిలిచాను. వాచీ కంపెనీ పేరు రాయడం లేదు.

వాచీ గురించి

చేతితో కీ ఇచ్చే వాచీ. ముందూ వెనకా నీలమణి గాజు. డయల్ లేదు. లోపలి యంత్రం యూనిటాస్ 6498 జాతిది: 36.6 మిల్లీమీటర్ల వ్యాసం, 4.5 మిల్లీమీటర్ల మందం, 17 జువెల్స్ (ఇరుసు కొనలు తిరిగే రాళ్ళు), గంటకు 18,000 కొట్టులు. ఇది మొదట్లో జేబు గడియారాల కోసం చేసిన యంత్రం. పెద్దది, సూటిగా ఉంటుంది, కోయడానికి చోటుంటుంది. అందుకే స్కెలిటన్ చేసేవాళ్ళు చాలామంది దీన్ని ఎంచుకుంటారు.

స్కెలిటన్ పని అంటే ఏమిటో ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే కేసంతా దాని మీదే తిరుగుతుంది. యంత్రానికి అడుగు పలక అయిన ఇత్తడి ప్లేటులో, చక్రాల్ని పైనుంచి పట్టే బ్రిడ్జిల్లో అవసరం లేని లోహాన్నంతా తీసేస్తారు. చిన్న బెజ్జం వేసి, అందులోంచి వెంట్రుకలాంటి రంపపు తీగ దూర్చి, గీత వెంబడి కోస్తారు. మన కంసాలి నగలో జాలీ కోసే రంపం, ఆ రంపం ఒకే కుటుంబం. కోసిన తర్వాత ఆకురాయితో లోపలి గోడలు సాపు చేస్తారు. ఆపైన ప్రతి అంచునీ నలభై అయిదు డిగ్రీల వాలులో చెక్కి అద్దంలా మెరుగు పెడతారు. దీన్ని ఆంగ్లాజ్ అంటారు. జువెల్ కూర్చునే చోటు, స్క్రూ పట్టే చోటు, ఈ రెంటినీ కలిపే సన్నటి కాడలు మాత్రం మిగులుతాయి.

ఇప్పుడు ఈ కోత చాలావరకు యంత్రాలే కోస్తున్నాయి. చేతిపని ఎంతవరకు ఉందో తెలుసుకోవాలంటే లోపలి మూలలు చూడాలి. రెండు వాలు అంచులు లోపలివైపు కలిసే చోట తిరిగే పనిముట్టు గుండ్రంగానే వదులుతుంది. సూదిమొనలా కలిసిందంటే అక్కడ మనిషి ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడన్నమాట. ఈ వాచీ వెనక వైపు అలాంటి మూలలు పదకొండు లెక్కపెట్టాను. ఐగ్లాసు పెట్టుకుని మొదటి సాయంత్రమంతా మరమ్మతు జోలికి పోకుండా వాటినే చూశాను. మిగతా పని చేయడానికి కావలసిన భయం అప్పుడే వచ్చింది నాకు. ఆ భయం మంచిదే.

వచ్చిన ఫిర్యాదు

"ఏటి బాబూ, ఇంత ఖరీదు పెట్టి తెచ్చేడు మావాడు, నా పాత హెచ్.ఎం.టి. పాటి చెయ్యదా ఇది?" అన్నారు మాస్టారు. పొద్దున్న ఆరింటికి కీ ఇస్తారు. పగలంతా చేతికి ఉంటుంది, బాగానే నడుస్తుంది. రాత్రి తీసి బల్ల మీద పెడితే పొద్దున్నకి ఆగి ఉంటుంది. రోజూ కాదు, వారంలో నాలుగు రోజులు. ఆగిన వాచీని చేతిలోకి తీసుకోగానే మళ్ళీ నడుస్తుంది.

దీనికి ముందు పెద్ద ఊళ్ళలో రెండు చోట్ల ఇచ్చారు. ఇద్దరూ కడిగి, ఆయిల్ వేసి, "బాగుంది" అని తిరిగిచ్చారు. రెండో చోట ఒక స్క్రూ గాడి నలిగింది, ఒక బ్రిడ్జి మీద స్క్రూడ్రైవర్ జారిన గీత పడింది. ఆ గీత చూపించేటప్పుడు మాస్టారి గొంతు మారింది. ఆగిపోవడం కంటే ఆ గీతే ఆయన్ని ఎక్కువ బాధించింది.

మొదట ఏం చేశాను

టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్కుల్ని విని నడకను కొలిచే పరికరం) మీద పెట్టాను. ఈ యంత్రానికి తగ్గ కొలత, లిఫ్ట్ యాంగిల్ 44, అందులో పెట్టి చూస్తే, నిండా కీ ఇచ్చాక కూడా ముఖం పైకి పెట్టినప్పుడు యాంప్లిట్యూడ్ 221, కీ బొత్తం కిందికి పెట్టినప్పుడు 188. బ్యాలెన్స్ (వాచీ వేగాన్ని నిలిపే ఊగే చక్రం) ఊగే ఊపు అది, డిగ్రీల్లో. ఇలాంటి యంత్రం బాగుంటే నిండా కీ మీద 270 దాటాలి. లోపల ఎక్కడో శక్తి పోతోంది.

శక్తి పోతోందంటే పనివాడి చెయ్యి ముందు వెళ్ళేది ఆయిల్ మీదికే. విప్పి చూస్తే ఆయిల్ ఎక్కువైంది కూడా. జువెల్ గిన్నె దాటి కాడ మీదికి పాకింది. డయల్ ఉన్న వాచీలో ఇది కనిపించదు, ఇందులో మరకలా కనిపిస్తుంది. పూర్తిగా కడిగాను. వేగంగా తిరిగే పైవట్లకి (ఇరుసు కొనలకి) 9010 రకం ఆయిల్, నిదానంగా తిరిగేవాటికి డి5, పాలెట్ రాళ్ళకి (ఎస్కేప్ వీల్ పళ్ళని ఆపి వదిలే రాళ్ళకి) 9415 వేశాను. దిక్సూచి ముల్లు దగ్గర పెట్టి అయస్కాంతం పట్టిందేమో చూశాను, కొద్దిగా ఉంటే తీసేశాను. కేసు బయట యంత్రం ఒక్కదాన్నే పెట్టి చూస్తే 281, నిలువులో 252. సంతోషించాను.

కేసులో బిగించాక ఒక నిమిషం చూశాను. 249. కొద్దిగా తగ్గడం మామూలే అనుకున్నాను. నా తప్పు ఇక్కడ జరిగింది. మామూలుగా తగ్గేది నాలుగైదు డిగ్రీలు. ముప్పై రెండు డిగ్రీలు పోయాయని కాగితం మీద రాసుకుని కూడా, ఎక్కడ పోయాయని అడగలేదు. బయట బాగా నడిచిందన్న సంతోషం ఆ అంకెను కప్పేసింది.

అయిదో రోజు మాస్టారు వచ్చారు. "ఆగిపోయింది నాయినా," అన్నారు. కోపం లేదు. అదే కష్టంగా అనిపించింది నాకు.

తర్వాతి రెండు ప్రయత్నాలు

కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్‌ని అనుమానించాను. సాయంత్రానికి స్ప్రింగ్ బలం తగ్గుతుంది, రాత్రి ఆగుతోంది, కాబట్టి స్ప్రింగే అలిసిపోయిందన్నది నా తర్కం. అర్థం లేని తర్కం కాదు. కొత్తది తెప్పించి వేశాను. బయట 284. కేసులో మళ్ళీ 250 దగ్గర. ఈసారి వాచీని దుకాణంలోనే ఉంచుకుని, కీ ఇచ్చిన పద్నాలుగు గంటల తర్వాత చూశాను: 196. తెల్లారేసరికి ఆగి ఉంది. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజమని మొదటిసారి నా కళ్ళతో చూశాను. అంతవరకు మేం ముగ్గురం కొత్తగా కీ ఇచ్చి, యంత్రాన్ని బయటపెట్టి పరీక్షించాం. ఆయన ఫిర్యాదు మాత్రం కేసులో ఉన్న, కీ సగం దిగిన, బల్ల మీద పడుకున్న వాచీ గురించి. ఆ స్థితిలో దాన్ని ఎవరమూ చూడలేదు.

ముళ్ళు గాజుకి తగులుతున్నాయేమోనని ముళ్ళు తీసి పెట్టాను. తేడా లేదు. కీ కాడ లోపలికి నొక్కుతోందేమోనని కాడ తీసి చూశాను. తేడా లేదు. ఇక ఏం చేయాలో తోచక, ఆగిపోవడం సంగతి పక్కనపెట్టి, ఎలాగూ చేయాల్సిన వేరే పని మొదలుపెట్టాను. అదే దారి చూపించింది.

నీలం స్క్రూ

నలిగిన గాడి ఉన్న స్క్రూ, యంత్రాన్ని కేసుకి పట్టి ఉంచే రెండు స్క్రూలలో ఒకటి. ఈ వాచీలో స్క్రూలన్నీ కాల్చి నీలం ఎక్కించినవి. నీలం అంటే రంగు పూత కాదు. ఉక్కును వేడి చేస్తే పైన పల్చటి పొర కడుతుంది. వేడి పెరిగేకొద్దీ లేత గడ్డి రంగు, గోధుమ, ఊదా, సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం. అక్కడ ఆపకపోతే బూడిద రంగుకి పోతుంది. నీలం దగ్గర నిలిచేది కొన్ని క్షణాలే.

గాడి సరిచేసి, తలను చదునుగా మెరుగు పెట్టి, ఇత్తడి రజను నింపిన చిన్న పళ్ళెంలో గుచ్చి, స్పిరిట్ దీపం మీద పెట్టాను. మొదటిసారి మచ్చలు మచ్చలుగా వచ్చింది. వేలి జిడ్డు. శ్రావణమాసపు ఉక్కలో వేళ్ళు ఎంత తుడిచినా తడిగానే ఉంటాయి. మళ్ళీ మెరుగు పెట్టి, స్పిరిట్‌తో కడిగి, చిమటాతో తప్ప ముట్టుకోకుండా రెండోసారి కాల్చాను. మధ్యలో ఊదా, అంచున నీలం. మూడోసారి పళ్ళాన్ని దీపానికి ఇంకాస్త ఎత్తులో పెట్టి నిదానంగా కాల్చాను. అప్పుడు వచ్చింది, తలంతా ఒకే రంగు.

ఈ మూడు ప్రయత్నాలకీ రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వాచీ దుమ్ము పట్టకూడదని కేసులోనే ఉంచాను, రెండో స్క్రూ ఒక్కదానితో. కీ కూడా ఇచ్చాను, అలవాటు కొద్దీ. రెండు రాత్రులూ ఆగలేదు.

నేను గమనించలేదు. నీలం ఎక్కిన స్క్రూ బిగించి, ఆ నీలం చూసుకుని మురిసి, టైమ్‌గ్రాఫర్ మీద పెడితే 247 వచ్చింది. అప్పుడు తట్టింది. స్క్రూ విప్పాను: 276. బిగించాను: 247. ఇలా ఆరుసార్లు చేశాను. ఇంట్లోంచి భోజనానికి పిలుపు వచ్చింది కానీ లేవలేకపోయాను.

కారణం

స్క్రూని పావు చుట్టు చొప్పున బిగిస్తూ చూశాను. తల ఆనినప్పుడు 274. పావు చుట్టుకి 263. ఇంకో పావుకి 246. ఊపు మెల్లగా, క్రమంగా తగ్గుతోంది. రాపిడి వల్ల అయితే ఇంత క్రమంగా తగ్గదు. ఏదో వంగుతోంది.

ఎస్కేప్ వీల్ (బ్యాలెన్స్‌కి శక్తిని వదిలే పళ్ళచక్రం) కింది జువెల్ ఉన్న కాడ, ఆ స్క్రూ పట్టే చోటుకి పక్కనే ఉంది. చక్రం ఇరుసుకి పైనా కిందా కాస్త ఆట ఉండాలి. ఎండ్ షేక్ అంటాం. మిల్లీమీటర్లో వందో వంతులు రెండో మూడో. స్క్రూ వదులుగా ఉన్నప్పుడు చిమటాతో చక్రాన్ని కదిపితే ఆ ఆట కనిపించింది. బిగించాక లేదు. పైనా కిందా జువెల్స్ మధ్య ఇరుసు ఇరుక్కుంది. ప్లేటు అంతా తెరిచి ఉంది కాబట్టి రెండు కొనలూ ఒకేసారి కళ్ళకి కనిపించాయి. మామూలు వాచీ అయితే ఊహించాలి తప్ప చూడలేం.

బిగిస్తే ఎందుకు వంగాలి? స్క్రూ కింద చిన్న క్లిప్పు ఉంటుంది. దాని తోక కేసు గాడి మీద, మడమ ప్లేటు మీద కూర్చుంటాయి. రెండు క్లిప్పులూ తీసి పక్కపక్కన పెడితే ఒకటి ఈ వాచీది కాదు. అసలుదానికి మెట్టు ఉంది, రెండోది చదునుగా, మందంగా ఉంది. ఎప్పుడో అసలు క్లిప్పు పోతే దొరికింది వేశారు. చదును క్లిప్పు మడమ ప్లేటుకి ఆనదు. గాల్లో ఉంటుంది. అందుకే స్క్రూ బిగించినప్పుడు ప్లేటు అంచే పైకి లేస్తుంది. హెచ్.ఎం.టి.లో ఇదే క్లిప్పు వేసినా ఏమీ కాదు, నిండు ప్లేటు దాన్ని లెక్కచేయదు. ఇక్కడ ప్లేటులో మిగిలింది కాడలే. ఆ కాడ అందం కోసం సన్నబడింది, మోయాల్సిన బరువుకి సరిపడా మాత్రమే ఉంది. మనం అదనంగా వేసే బలానికి అందులో చోటు లేదు.

పగలు ఎందుకు నడిచిందో కూడా అప్పుడు తెలిసింది. నిండా కీ ఉన్నప్పుడు స్ప్రింగ్ ఆ బిగువుని లాక్కుపోతుంది. చెయ్యి కదలిక వల్ల ఆగబోయిన బ్యాలెన్స్ మళ్ళీ ఊగుతుంది. రాత్రి ఈ రెండూ లేవు.

ఏ దారి ఎంచుకున్నాను, ఎందుకు

స్క్రూని సగం బిగించి వదిలేయవచ్చు. చాలామంది అదే చేస్తారు. కానీ కుదుపుకి స్క్రూ ఊడి బ్యాలెన్స్ మీద పడితే దాన్ని ఊపే వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగ్ పోతుంది. వద్దనుకున్నాను. కేసు గాడిని ఆకురాయితో తగ్గించవచ్చు. అది అసలు వస్తువు, ఒకసారి తీసేస్తే తిరిగి రాదు. మార్చాల్సింది పరాయి క్లిప్పునే.

కొత్త క్లిప్పు చేశాను. సూత్రం ఒకటే పెట్టుకున్నాను: బలం ఎక్కువైతే ప్లేటు కంటే ముందు క్లిప్పు వంగాలి. అందుకు పాత అలారం టైంపీసు స్ప్రింగ్ ముక్క తీసుకున్నాను. ఎర్రగా కాల్చి మెల్లగా చల్లార్చి మెత్తబరిచి, బెజ్జం వేసి, మెట్టు వంచి, మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. మొదటి ముక్క నూనెలోనే మెలితిరిగింది. రెండోది నిలిచింది. నూనెలోంచి తీసిన ఉక్కు గాజులా పెళుసు. దాన్ని స్ప్రింగ్ చేయాలంటే మళ్ళీ వేడి చేయాలి, ఎంతవరకో తెలుసా? నీలం వచ్చేవరకు. స్క్రూకి అందంగా కనిపించే ఆ రంగు దగ్గరే ఉక్కు వంగి తిరిగి లేచే గుణం పొందుతుంది. ఇత్తడి రజను పళ్ళెంలోనే కాల్చాను. ఈసారి మొదటి ప్రయత్నానికే వచ్చింది.

పూర్తిగా బిగించి చూస్తే 275. పద్నాలుగు గంటల తర్వాత బల్ల మీద 243. ముప్పై గంటలకీ నడుస్తోంది.

గీత

బ్రిడ్జి మీది గీత సంగతి చెప్పాలి. మాస్టారు దాన్ని తీసేయమన్నారు. ముందు పాత ప్లేటు ముక్క మీద సాధన చేశాను. మెరుగు చక్రం పెడితే వాలు అంచు కరిగి గుండ్రమైంది, సూదిమొన మూల మాయమైంది. వెదురు పుల్లకి వజ్రపు పేస్టు రాసి రుద్దితే కొత్త గీతలు పడ్డాయి. వాచీ పనికి అమ్మే పెగ్‌వుడ్ పుల్లతో మెరుగు బాగానే వచ్చింది కానీ పైనున్న రోడియం పూత పోయి పచ్చటి ఇత్తడి బయటపడింది. మా ఊరి కొమ్ము పనివాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు ఒకాయన కొంగ మెడ చెక్కుతూ గీత పడితే చెరపకుండా వదిలేయడం చూశాను. చెరిపితే మెడ సన్నబడి విరుగుతుందన్నాడు. నాకు ఆ మాట ఇక్కడ పనికొచ్చింది. గీత లోతుకి చుట్టూ లోహం తగ్గించాలంటే, ఇప్పటికే కనీసానికి వచ్చిన బ్రిడ్జి ఇంకా పలచబడుతుంది. మళ్ళీ అదే జబ్బు తెచ్చిపెట్టినట్టే.

కాబట్టి లోహం తీయలేదు. గీతకి రెండు పక్కలా లేచిన గరుకుని నున్నటి ఉక్కు కడ్డీతో అణిచి కిందికి దించాను. వెలుగు పడితే మెరిసే ఆ మొరటు అంచు పోయింది. సన్నటి గీత మిగిలింది. ఎందుకు వదిలేశానో మాస్టారికి ఐగ్లాసు ఇచ్చి చూపిస్తూ చెప్పాను. ఆయన చాలాసేపు చూశారు. గీతని వదిలి మూలలు చూడడం మొదలుపెట్టారు.

తోటి పనివాళ్ళకి

ఇలాంటి వాచీ వస్తే యజమాని ఏ స్థితిలో ఆగుతుందన్నాడో అదే స్థితిలో చూడండి: కేసులో, అదే భంగిమలో, కీ అంతే దిగాక. కేసు లోపలా బయటా యాంప్లిట్యూడ్ రాసుకోండి. పది డిగ్రీలు మించి తేడా ఉంటే ఆయిల్ జోలికి పోకుండా కేసు స్క్రూలు, క్లిప్పులు, రింగు చూడండి. ప్రతి బ్రిడ్జి స్క్రూ బిగించాక చక్రాల ఆట చూడండి. స్కెలిటన్‌లో బ్రిడ్జి కూడా అలాగే వంగుతుంది. మన చేతులు నిండు ప్లేట్ల మీద నేర్చుకున్న చేతులు. నేను ఇప్పుడు వీటికి స్క్రూడ్రైవర్‌ని రెండు వేళ్ళతోనే పట్టుకుంటున్నాను, మూడో వేలు వేయను.

మొన్న ఉగాదికి మాస్టారు వచ్చారు. వాచీ రోజుకి ఆరు సెకన్లు ముందు నడుస్తోంది. ఇన్ని నెలల్లో ఒక్క రాత్రి కూడా ఆగలేదట. దాన్ని బల్ల మీద బోర్లా పెడుతున్నారట, వెనక గాజు పైకి వచ్చేలా. "పొద్దున్న లేవగానే బ్యాలెన్స్ కనబడాలి బాబూ," అన్నారు. బోర్లా పెట్టినప్పుడు రోజుకి ఎంత తేడా వస్తుందో చూసి చెబుతానని వాచీ ఒక రాత్రి ఉంచుకున్నాను.